సుత్తె కొనేముందు మొల చూడండి

పోయిన దసరా తర్వాత ఒక రాత్రి మా అక్క కొడుకు డాలస్ నుంచి వీడియో కాల్ చేశాడు. ఇంటి వెనక పెరట్లో పన్నెండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పుతో ఒక కర్ర గది కట్టుకుంటున్నాడట. సామాన్ల దుకాణంలో నిలబడి, గోడ నిండా వేలాడుతున్న సుత్తెలను ఫోనులో చూపించాడు. "మామా, గిది 28 ఔన్సులది. అన్నిట్ల పెద్దది ఇదే. తీసుకుంటున్న" అన్నాడు. "దాన్ని ఆడ పెట్టి, ముందుగాల నువ్వు కొట్టే మొల చూపియ్‌రా" అన్నాను. వాడింకా మొలలే కొనలేదు.

నేను ఈ పనిలోకి వచ్చి ముప్పై నాలుగేళ్లయింది. కోరుట్ల దగ్గర మా ఊళ్లో బాపు చేతికింద దర్వాజలు, కిటికీలు చేస్తూ తొమ్మిదేళ్లు. షార్జా, దుబాయిలలో సెంట్రింగ్ కార్పెంటర్‌గా, అంటే స్లాబు పొయ్యడానికి పలకలు బిగించే పనిలో, పదకొండేళ్లు. తిరిగొచ్చాక సొంత షెడ్డులో మళ్లీ దర్వాజలు, మంచాలు, అల్మారాలు. సుత్తె కొనేవాళ్లను చాలామందిని చూశాను. దాదాపు అందరూ దాన్ని చేతిలోకి తీసుకుని, గాలిలో ఒకసారి ఊపి, మొదటి దెబ్బ ఎంత గట్టిగా పడుతుందో ఊహించుకుంటారు. నేను ఊహించుకోమనేది సాయంత్రం అయిదు గంటలకు కొట్టే దెబ్బను. ఆ వేళకి కూడా మొల నెత్తిన సూటిగా పడే సుత్తె ఏదో అదే మీది.

మొల, దాని గేజీ

మన దుకాణాల్లో మొలను రెండు కొలతలతో అడుగుతాం. పొడుగు ఇంచుల్లో, లావు గేజీలో. గేజీ నంబరు పెరిగినకొద్దీ మొల సన్నబడుతుంది. కొత్తగా పనికొచ్చిన పిల్లలు ఇక్కడే తికమక పడతారు. 16 గేజీ మొల లావు 1.6 మిల్లీమీటర్లు, 12 గేజీది 2.6, 10 గేజీది 3.25, 8 గేజీది నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. మీ పనిలో ఎక్కువగా దిగే మొల ఏదో తేలితే సుత్తె బరువు సగం తేలినట్టే.

బీడింగు పట్టీలు, ఫొటో ఫ్రేములు, అల్మారా వెనక పలుచటి ప్లైవుడ్డు. వీటికి ఇంచు, ఇంచున్నర సన్న మొలలు చాలు. వాటికి 200 నుంచి 300 గ్రాముల సుత్తె సరిపోతుంది. రెండు, రెండున్నర ఇంచుల 12 గేజీ మొలలతో ఇంట్లో, షెడ్డులో చేసే మామూలు పనికి 450 గ్రాముల సుత్తె. అదే అమెరికా లెక్కలో 16 ఔన్సులు. ఒక్క సుత్తె మాత్రమే కొనగలిగితే ఇదే కొనండి. సెంట్రింగ్ పలకలు బిగించడానికి, ఇంటి కప్పు కర్రలకు, కర్ర ఇళ్ల గోడల చట్రాలకు మూడు నుంచి నాలుగించుల 10, 8 గేజీ మొలలు పొద్దంతా కొట్టాల్సి వస్తుంది. వాటికి 560 నుంచి 620 గ్రాములు, అంటే 20, 22 ఔన్సులు.

సన్న మొల మీద బరువు సుత్తె పడితే, గురి వెంట్రుకవాసి తప్పినా మొల మొదటి దెబ్బకే మడతపడుతుంది. లావు మొల మీద తేలిక సుత్తె పడితే మొల దిగదు, అదురుతుంది. పది దెబ్బలు కొట్టేలోగా ఏదో ఒక దెబ్బ వంకర పోతుంది. రెండు చోట్లా వంగేది మొలే, కారణాలు మాత్రం వేరు. మొలలు వంగుతున్నాయి కాబట్టి ఇంకా బరువు సుత్తె కావాలని పరుగెత్తేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి.

మా అల్లుడు కట్టే గది సంగతికి వస్తే, అక్కడి కర్రను రెండు బై నాలుగు అంటారు. చిత్రిక పట్టి, ఎండబెట్టి అమ్మేటప్పటికి అది నిజానికి ఒకటిన్నర బై మూడున్నర ఇంచులే ఉంటుంది. నిలువు కర్రలు పదహారించులకొకటి నిలబెడతారు. పన్నెండడుగుల గోడకు పది కర్రలు. ఒక్కోదానికి పైన రెండు, కింద రెండు మూడున్నర ఇంచుల మొలలు. అంటే గోడకు నలభై. కిటికీ, దర్వాజ, కప్పు కలుపుకొన్నా మొత్తం మీద కొన్ని వందల మొలలు, అదీ వారాంతాల్లో కొట్టేవి. అక్కడి కాంట్రాక్టర్లు ఈ పనంతా గాలితో నడిచే మొలల తుపాకీతో కానిస్తారు. వాళ్ల నడుముకు వేలాడే సుత్తె పక్కకు జరిగిన కర్రను తట్టి సర్దడానికి, తప్పుపడ్డ మొలను పీకడానికి, తుపాకీ దూరని మూలల్లో కొట్టడానికి. ఇంత పనికి 28 ఔన్సులు, అంటే 800 గ్రాముల ఇనుము ఎందుకు? 20 ఔన్సులది తీసుకోమన్నాను.

షార్జాలో నేను చేసిన తప్పు

ఆ 28 ఔన్సుల సుత్తెను వద్దనడానికి నా కుడి మోచేయే కారణం. 2001లో షార్జా వెళ్లినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మా గుంపులో అందరికంటే ఎక్కువ మొలలు కొట్టాలనే పట్టుదలతో, మొదటి జీతంలోంచి ఒక 800 గ్రాముల సుత్తె కొన్నాను. తల నుంచి పిడి దాకా ఒకే ఇనుప కడ్డీ, చేతి దగ్గర రబ్బరు. మూడించుల మొల మూడు దెబ్బల్లో దిగేది. పక్కవాళ్లు చూసేవాళ్లు, నాకు గర్వంగా ఉండేది.

ఏడో నెలలో మోచేయి బయటి వైపు నొప్పి మొదలైంది. ముందు రాత్రిళ్లు, తర్వాత పొద్దున్న లేవగానే. కొన్నాళ్లకు చాయ గిన్నె ఎత్తలేని స్థితి. డాక్టరు టెన్నిస్ ఎల్బో అని చెప్పి ఆరు వారాలు సుత్తె పట్టొద్దన్నాడు. రోజు కూలి లెక్కన బతికేవాడికి ఆరు వారాలంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. ఇంటికి డబ్బు పంపలేక, ఆ నెలల్లో ఫోను చెయ్యడానికి కూడా మొహం చెల్లలేదు.

మా ఫోర్‌మన్ కేరళ మనిషి, వయసులో పెద్దవాడు. పనికి తిరిగొచ్చిన రోజు తన సుత్తె నా చేతిలో పెట్టి, దెబ్బలు లెక్కపెట్టుకోమన్నాడు. 570 గ్రాములది, కర్ర కామది, అంటే కర్ర పిడిది. మొల నాలుగు దెబ్బల్లో దిగింది. తర్వాత నేను కూర్చుని లెక్కేశాను. వెయ్యి మొలలకు నా పాత సుత్తెతో మూడు వేల దెబ్బలు, అంటే మొత్తం ఎత్తిన బరువు 2,400 కిలోలు. ఆయన సుత్తెతో నాలుగు వేల దెబ్బలు, 2,280 కిలోలు. లెక్కలో పెద్ద తేడా లేదు. తేడా అంతా వెనక్కి ఎత్తేటప్పుడుంది. బరువు తల మణికట్టును వెనక్కి గుంజుతుంది, దాన్ని ఆపి మళ్లీ ముందుకు తెచ్చే పని ముంజేతి కండరాలది. పైగా ఒకే ఇనుమైతే దెబ్బ అదురు నేరుగా చేతికి ఎక్కుతుంది. కర్ర ఆ అదురును చాలావరకు తనలోనే దాచుకుంటుంది.

ఇంజనీరింగు చదివిన మా అల్లుడు దీనికి ఇంకో లెక్క చెప్పాడు. సుత్తె బరువు రెట్టింపైతే దెబ్బలోని శక్తి రెట్టింపే అవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. తేలిక సుత్తెను వేగంగా ఊపగలిగినవాడు నష్టపోయేది తక్కువని దాని అర్థం. అమెరికాలో టైటానియం సుత్తెలు అమ్మేవాళ్లు ఈ లెక్కనే ముందుపెడతారు. టైటానియం ఇనుముకంటే నలభై శాతానికి పైగా తేలిక, దెబ్బ తర్వాత ఎదురుతన్నడం కూడా తక్కువ. కానీ వాటి ధర వంద డాలర్లు దాటుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఏడాది పొడుగునా కొట్టేవాడికి ఆ డబ్బు గిట్టుబాటవుతుంది. పెరట్లో ఒక గది కట్టుకునేవాడు దానికి పోవద్దు.

ఎడారి ఎండ గురించి ఒక మాట. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట ఎండలో పని ఆపాలి. మూడింటికి తిరిగొచ్చి, స్లాబు మీద వదిలేసిన ఇనుప సుత్తె పట్టుకుంటే చెయ్యి కాలేది. గోనెసంచి కింద పెట్టి వెళ్లడం అలవాటు చేసుకున్నాం. మన కరీంనగర్ మే నెలకూ ఇదే వర్తిస్తుంది.

తల

కర్రపనికి కొనాల్సింది వెనక రెండు కొమ్ములున్న సుత్తె. దుకాణంలో క్లా హ్యామర్ అని అడగండి. వెనక గుండ్రంగా ఉండే మెకానిక్ సుత్తె చవగ్గా దొరుకుతుందని చాలామంది దానితోనే కానిస్తారు. మొల దిగుతుంది, నిజమే. తప్పుపడ్డ మొలను మాత్రం అది పీకలేదు.

కొమ్ములు రెండు రకాలు. కిందికి బాగా వంగినవి మొల పీకడానికి మంచివి. ఆ వంపు కర్ర మీద దొర్లుతూ మొలను నిలువుగా పైకి లాగుతుంది. దర్వాజలు, ఫర్నిచరు చేసేవాళ్లు వంగిన కొమ్ములే తీసుకోవాలి. దాదాపు తిన్నగా ఉండే కొమ్ములు రెండు పలకల మధ్య దూర్చి విడగొట్టడానికి మంచివి. సెంట్రింగ్ విప్పేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది. గోడల చట్రాలు నిలబెట్టేవాళ్లకూ అవే పనికొస్తాయి.

కొమ్ముల మధ్య సందు ఎంత సన్నగా మొదలవుతుందో చూడండి. దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక ఒకటిన్నర ఇంచు మొల తీసుకెళ్లండి. దాని తల దగ్గర కాకుండా, నడుము దగ్గర ఆ సందులోకి జార్చండి. తల ఆసరా లేకుండానే మొలను పట్టి ఆపితే కొమ్ములు పదునుగా ఉన్నట్టు. జారిపోతే, తల తెగిన మొల ఎదురైన రోజు మీకు ఆ సుత్తె ఉన్నా లేనట్టే. నేను ఒక్కటంటే ఒక్క పరీక్ష చెయ్యమంటే ఇదే చెప్తాను.

ఇక కొట్టే మొహం. అది పూర్తిగా చదునుగా ఉండకూడదు. ఒక స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకు పెట్టి చూస్తే, నడుమ తగిలి అంచుల దగ్గర సన్నటి వెలుతురు కనపడాలి. అంత స్వల్పమైన ఉబ్బు ఉంటే, మొలను కర్రతో సమానంగా దించినా అంచు తగిలి కర్ర మీద అర్ధచంద్రం పడదు. అంచు చుట్టూ కొద్దిగా చెక్కి వాలు తీసి ఉండాలి. నిక్కచ్చిగా ఉన్న అంచు పెచ్చులూడుతుంది, ఆ పెచ్చు కంట్లోకి వస్తుంది.

చట్రాల పనికి అమ్మే కొన్ని సుత్తెల మొహం మీద చిన్న చిన్న గళ్లు చెక్కి ఉంటాయి. మొల తల మీద జారకుండా పట్టు దొరుకుతుంది. కానీ ఆ గళ్ల అచ్చు కర్ర మీద దిగుతుంది. పైన పలక కప్పేసే గోడకైతే ఫరవాలేదు. టేకు దర్వాజ మీద ఆ సుత్తె ఒక్క దెబ్బ తప్పినా, చిత్రిక పట్టి పట్టి కర్ర పలచనవ్వాల్సిందే. వేలి మీద పడితే చర్మం లేచిపోతుంది. కొత్తవాళ్లకు నున్నటి మొహమే ఇప్పిస్తాను. మా అల్లుడికీ అదే చెప్పాను.

తల అచ్చులో పోసిందా, కాల్చి కొట్టి తీసిందా అన్నది కూడా ముఖ్యమే. పోత ఇనుము పెళుసు. పోతదైతే పక్కన అచ్చు కలిసిన గీత, గరుకు ఉపరితలం సాధారణంగా కనపడతాయి. రంగు మందంగా పూసి ఉంటే ఇంకా అనుమానించండి. ఉక్కు సుత్తెలకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 841 అని ఒకటుంది. ఆ ముద్ర, కంపెనీ పేరు, బరువు తలమీదే కొట్టి ఉంటే కొంత భరోసా. తాపరియా, స్టాన్లీ లాంటివి జగిత్యాల, కోరుట్లలో కూడా దొరుకుతాయి. పేరు చూసి కొన్నా ఆ మొల పరీక్ష, స్కేలు పరీక్ష మానొద్దు. ఒకే కంపెనీ పెట్టెలో రెండు సుత్తెలు రెండు రకాలుగా ఉండడం నేను చూశాను.

కామ

మా బాపుకు అసలు సుత్తె అవసరం తక్కువ. ఉలిని కొట్టాలన్నా, మొల దించాలన్నా కర్ర చెక్కే బాడిసను వెనక్కి తిప్పి దాని మడమతో కొట్టేవాడు. ఒకే పనిముట్టుతో చెక్కడం, కొట్టడం రెండూ అయిపోయేవి. బాడిస కామ ఆయన తనే చేసుకునేవాడు, నల్లతుమ్మతో. చిరుమాను దొరికితే పండగే. ఒక కామ ఎంచడానికి ఒక పూటంతా తీసుకునేవాడు. కర్రను కంటికి దగ్గరగా పెట్టి తుపాకీ గురిలా చూసేవాడు. "వంకర కామ నీ తప్పును దాస్తది, సక్కటి కామ చూపెడ్తది" అనేవాడు. అప్పట్లో నాకది చాదస్తంలా అనిపించేది. ఇప్పుడు మా షెడ్డులో పిల్లల చేత నేనూ అలాగే చూపిస్తాను.

డేవిడ్ మేడోల్ అని అమెరికాలో ఒక కమ్మరి ఉండేవాడట, న్యూయార్క్ రాష్ట్రంలోని నార్విచ్ పట్టణంలో. 1840ల్లో, కామ దూరే కన్నును పొడుగ్గా చేసి, తల ఊడిపోని సుత్తెలు తయారుచేసి పేరు తెచ్చుకున్నాడని మా అల్లుడు చదివి చెప్పాడు. ఇంగ్లీషులో ఆ రకం కన్నుకు బాడిస పేరే పెట్టారట. ఆ మాట విన్నప్పుడు బాపు లేడే అనిపించింది.

ఇప్పుడు దొరికే కామలు నాలుగు రకాలు. కర్రది, ఇనుప గొట్టానిది, ఫైబరుది, తలతో కలిసి ఒకే ఉక్కుగా వచ్చేది. ఇందులో ఇనుప గొట్టానికి రబ్బరు తొడిగినదే మన ఊళ్లలో ఎక్కువ అమ్ముడవుతుంది. చెమట పట్టిన చేతిలో ఆ రబ్బరు తొడుగు జారడం మొదలుపెడితే ఇక ఆగదు. కొనేముందు రెండు చేతులతో రబ్బరును గట్టిగా మెలిపెట్టండి. రవ్వంత కదిలినా వద్దు. ఫైబరు వానకు, ఎండకు తొందరగా చెడదు, అదురు కూడా మరీ ఎక్కువుండదు. విరిగితే ఇంట్లో మార్చుకోవడం కష్టం. ఒకే ఉక్కు సుత్తెలకు పేరుపడ్డది ఎస్ట్‌వింగ్, ఇలినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో 1923లో మొదలైన కంపెనీ. తల ఊడే ప్రశ్నే లేదు, మొలలు పీకడానికి ఎంత బలమైనా పెట్టొచ్చు. సెంట్రింగ్ విప్పేవాళ్లకు ఒకే ఉక్కుదే నయం. పొద్దంతా కొట్టేవాళ్లకు నా ఓటు కర్రకే.

కర్ర కామ కొనేటప్పుడు దాని అడుగు వైపు చూడండి. ఏటేటా పెరిగిన వలయాల గీతలు అక్కడ కనపడతాయి. ఆ గీతలు కొట్టే మొహం నుంచి కొమ్ముల వైపు పరిగెత్తాలి, అంటే దెబ్బ పోయే దిక్కులోనే ఉండాలి. అడ్డంగా ఉంటే ఆ కామ ఒకరోజు పొరలు పొరలుగా విడిపోతుంది. పక్కనుంచి చూస్తే నార పైనుంచి కింది దాకా తెగకుండా నడవాలి. మధ్యలో ఏటవాలుగా బయటికి పోతే విరిగేది సరిగ్గా అక్కడే. ముడి ఉంటే చెయ్యే వెయ్యొద్దు.

కామ గుండ్రంగా కాక కోడిగుడ్డు వాటంగా ఉండాలి. అప్పుడే చూడకుండా పట్టుకున్నా మొహం ఎటుందో అరచేతికి తెలుస్తుంది. పొడుగు చూడ్డానికి బాపు నేర్పిన పద్ధతి, సుత్తె తలను గుప్పిట్లో పట్టుకుని కామను ముంజేతి వెంట పెట్టడం. చివర మోచేతి మడత దగ్గరికి వస్తే సరైన పొడుగు. అల్మారా లోపల, ఇరుకు మూలల్లో కొట్టేవాళ్లు దానికంటే రెండించులు తగ్గించుకోవచ్చు. చట్రాల పనికి పద్దెనిమిదించుల కామ దాకా వాడతారు, పొడుగు కామ తలకు వేగమిస్తుంది. ఎత్తు మీద నిలబడి ఒంటిచేత్తో కొట్టేవాడు మాత్రం పొడుగు కామతో గురి తప్పుతాడు.

కొత్త కామ మీద మెరిసే వార్నీషు ఉంటుంది. అది చేతిలో జారుతుంది, బొబ్బలు కూడా తెస్తుంది. పగిలిన గాజు పెంకుతో, గుడ్డ చుట్టుకున్న చేత్తో దాన్ని గీకేయండి. తర్వాత అవిసె నూనె పలచగా రాసి రాత్రంతా వదిలి, పొద్దున్న గుడ్డతో తుడవండి. నూనె తడిసిన గుడ్డను ఉండచుట్టి మూల పడెయ్యొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతటదే అంటుకోగలదు. విప్పి, పరిచి ఆరేయండి.

ఎండాకాలం వస్తే కర్ర కుంచించుకుపోయి తల కదులుతుంది. మన దగ్గర అందరూ చేసేది సుత్తెను రాత్రంతా నీళ్లలో నానబెట్టడం. పొద్దున్నకు బిగుసుకుంటుంది. కానీ ఉబ్బిన నార ఇనుప కన్నుకు ఒత్తుకుని నలిగిపోతుంది, ఆరాక ముందటికంటే వదులవుతుంది. ఇలా రెండు మూడుసార్లు నానబెట్టిన సుత్తె తల మా షెడ్డులోనే ఒకసారి ఎగిరి కిటికీ అద్దంలోంచి బయటపడింది. ఆ సమయానికి అటు ఎవరూ నిలబడి లేకపోవడం మా అదృష్టం. నీళ్ల బదులు ఇలా చెయ్యండి. సుత్తెను తల కిందికి వేలాడేలా గాలిలో పట్టుకుని, పైకి ఉన్న కామ చివర కొయ్యతో నాలుగు దెబ్బలు వెయ్యండి. తల బరువుకు అది కామ మీదికి తనే ఎక్కుతుంది. మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు, కొట్టి చూడండి. తర్వాత కన్నులో, కామను బిగించి ఉంచే పాత చీల పక్కన కొత్త చెక్క చీల దిగ్గొట్టి, దానికి అడ్డంగా ఒక ఇనుప చీల వెయ్యండి.

మిగతా సుత్తెలు

ఉలిని ఇనుప సుత్తెతో కొట్టొద్దు, ఉలి పిడి పువ్వులా విచ్చుకుపోతుంది. కొయ్య సుత్తె ఒకటి చేసుకోండి, తుమ్మ మొద్దు ముక్క చాలు. బీడింగు పని ఎక్కువుంటే వెనక వైపు అడ్డంగా సన్నటి అంచు ఉండే చిన్న సుత్తె కొనుక్కోవచ్చు. వేళ్ల మధ్య పట్టుకున్న సన్న మొలను ఆ అంచుతో నిలబెట్టి, తిప్పి మొహంతో దించుతారు. గోడకు కొట్టే కాంక్రీటు మొలలు గట్టిపరచిన ఉక్కువి. వాటిని ఈ కొమ్ముల సుత్తెతో కొట్టొద్దు. సుత్తెను సుత్తెతో అసలే కొట్టొద్దు. రెండూ గట్టివే కాబట్టి ఏదో ఒకటి చిట్లుతుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా మా షెడ్డులో ఎవరూ సుత్తె పట్టరు.

నాలుగించుల మొలను కర్ర కామతో పీకేటప్పుడు తల కింద ఒక చెక్క ముక్క పెట్టండి. ఎత్తు పెరిగి మొల తిన్నగా వస్తుంది, కామ మీద బరువు తగ్గుతుంది. అప్పటికీ రాకపోతే సుత్తె పక్కన పెట్టి మొలలు పీకే కడ్డీ తెచ్చుకోండి. నేను విరగ్గొట్టిన కామలన్నీ మొలలు పీకేటప్పుడు విరిగినవే, కొట్టేటప్పుడు ఒక్కటీ విరగలేదు.

దుకాణంలో ఇంకొకటి

పరీక్షలన్నీ అయ్యాక, కామ చివర పట్టుకుని చెయ్యి ముందుకు చాచి, సుత్తెను అడ్డంగా నిలబెట్టి మెల్లగా ఇరవై లెక్కపెట్టండి. ఇరవై దాకా తల వాలకుండా నిలిపితే తీసుకోవచ్చు. పదిలోపే వాలితే ఒక మెట్టు కింది బరువు అడగండి. దుకాణదారు తొందరపెడితే ఇంకో దుకాణానికి వెళ్లండి. పదేళ్లు చేతిలో ఉండే వస్తువు అది. మా అల్లుడు ఫోను షెల్ఫు మీద ఆనించి ఇది చేశాడు. 28 ఔన్సులది తొమ్మిదికి వాలింది, 20 ఔన్సులది నిలిచింది. తిన్నటి కొమ్ములు, నున్నటి మొహం, కర్ర కామ. అదే కొన్నాడు.

మొదటి రోజు

కొత్త సుత్తెతో నేరుగా పనిమీదికి వెళ్లొద్దు. తుక్కు కర్ర మీద ఒక అరకిలో మొలలు కొట్టండి. మొదటి రెండు దెబ్బలు మొల నిలబడేంత నెమ్మదిగా, తర్వాత భుజం నుంచి. కామను చివరికంటా పట్టుకోండి, మెడ దగ్గర పట్టుకుంటే తల బరువు వృథా. చూపు సుత్తె మీద కాకుండా మొల తల మీద ఉండాలి. టేకులాంటి గట్టి కర్ర అంచున కొట్టేటప్పుడు మొల మొనను ముందు ఒక చిన్న దెబ్బతో మొద్దు చెయ్యండి. పదునైన మొన నారను చీలదీసి కర్రను పగలగొడుతుంది, మొద్దు మొన నారను నలుపుకుంటూ దిగుతుంది.

మొలలు వంగుతుంటే ఎటు వంగుతున్నాయో చూడండి. దెబ్బ తగిలే క్షణంలో కామ మొలకు సరిగ్గా అడ్డంగా, మూలమట్టం పెట్టినట్టు ఉండాలి. మొల మీ వైపు వంగితే చెయ్యి మొల తలకంటే ఎత్తులో ఉంది, కొంచెం దించండి. అవతలికి వంగితే చెయ్యి కిందికి పోయింది, ఎత్తండి. మా అల్లుడు మొదటి ఆదివారం వంగిన మొలల ఫొటో పంపాడు, ముప్పై దాకా ఉన్నాయి, అన్నీ వాడి వైపే. బల్ల ఎత్తు నాలుగించులు పెంచుకోమన్నాను.